ఊరుకున్న పాము, కుదుటపడ్డ పాము

రాత్రి మూడున్నరకి ఆఫీసు క్యాబ్ దిగి, ఇంట్లోకొచ్చి హాల్లో లైటు వేశాను. ఎక్కడో బల్ల మీద ఫోన్ వైబ్రేట్ అవుతున్న చప్పుడు. ఈ టైములో ఎవరబ్బా అనుకుంటే, ఫోన్ నా చేతిలోనే ఉంది. చప్పుడు మాత్రం ఆగట్లేదు. సోఫా పక్కన స్టూలు మీద పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోంచి వస్తోంది. వంగి చూశాను. పెన్సిలంత కూడా లావు లేని పాము పిల్ల. బూడిద రంగు ఒంటి మీద ఇటుక రంగు మచ్చలు. మెడని మడతలు మడతలుగా వెనక్కి లాక్కుని, నోరు సగం తెరిచి, తోక కొసని డబ్బా గోడకేసి టకటకలాడిస్తోంది. సాయంత్రమే వంటింటి త్రాసు మీద తూచాను. 9 గ్రాములు. పది రూపాయల బిళ్ల కన్నా కాస్త ఎక్కువ.

ఆ 9 గ్రాములది నన్ను బెదిరిస్తోంది. నిజం చెప్పాలంటే నేను బెదిరాను కూడా.

తమ్ముడి దోస్తు ఒకడు ఎమ్మెస్‌కి అమెరికా పోతూ మా ఇంట్లో వదిలేసి వెళ్లాడు దీన్ని. కార్న్ స్నేక్. విషం లేదు. దీని జాతి పుట్టిల్లు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. పిల్లాడు అటు వెళ్లాడు, పాము ఇక్కడ నిజాంపేటలో మిగిలింది. మొక్కజొన్న కొట్టాల దగ్గర ఎలుకల కోసం తిరిగేది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు. పొట్ట కింద నలుపూ తెలుపూ గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయి కాబట్టి అని ఇంకొందరు. అమ్మకి ఈ చర్చ అక్కర్లేకపోయింది. "మక్కల పామా? అయితే మక్క" అని పేరు పెట్టేసింది.

డబ్బాతో పాటు ఒక కాయితం కూడా ఇచ్చాడు. అందులో చివరి మాట: "రోజూ పావుగంట చేత్తో పట్టుకో అక్కా. కరిచినా వదలొద్దు. వదిలితే గెలిచా అనుకుంటది."

నా తగాదా అంతా ఈ చివరి మాటతోనే. పాములు పెంచేవాళ్లలో చాలామంది నోట ఇదే వింటాం. నేనూ నమ్మాను. పదకొండు రోజులు, డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని డబ్బా మూత తీయడం, పైనుంచి చెయ్యి పెట్టి పట్టుకోవడం, అది కరవడం, తోక దగ్గర కంపు కొట్టే జిగురేదో నా అరచేతికి పూయడం, నేను పళ్లు బిగబట్టి గడియారం చూడడం. కాటు మాట అంటారా, గిల్లినంత కూడా ఉండదు. సూదితో గుచ్చినట్టు నాలుగు ఎర్ర చుక్కలు, సబ్బుతో కడిగేసుకుంటే అయిపోయింది. పన్నెండో రోజు మక్క కరవలేదు. అరచేతిలో కదలకుండా పడుకుంది. నేను గెలిచాను. వీడియో తీసి తమ్ముడికి పంపాను. వాడు మూడు చప్పట్లు పంపాడు.

ఆ వీడియోనే మర్నాడు రెండోసారి చూస్తుంటే ఒకటి కనబడింది. రెండు నిమిషాల వీడియోలో మక్క నాలుక ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

పాముకి నాలుకే ముక్కు. గాల్లోంచి వాసన కణాల్ని నాలుకతో అందుకుని, నోటి పైకప్పులో ఉండే అవయవానికి చేరవేసి లోకాన్ని తెలుసుకుంటుంది. కుదురుగా ఉన్న పాము కొత్త చోట నాలుక ఆడిస్తుంది, నెమ్మదిగా, పొడుగ్గా. నాలుక లోపల పెట్టేసుకుని, ఒళ్లు కర్రలా బిగబట్టి, ఊపిరి మాత్రం డొక్కల దగ్గర గబగబా ఆడుతుంటే అది శాంతం కాదు. దొరికిపోయాను, ఇక తినేస్తారు, కదిలితే ఇంకా తొందరగా తినేస్తారు అనే లెక్క. అంతకు ముందు వారం, ఆ వారం పెట్టిన ఎలుక పిల్లలు రెండూ ముట్టలేదు. నేను దాన్ని కూడా పొగరు ఖాతాలోనే వేశాను.

చిన్నప్పుడు ముషీరాబాద్‌లో మా గల్లీకి నాగుల పంచమి నాడు పాములవాడు వచ్చేవాడు. బుట్ట మూత తీస్తే నాగుపాము పడగ ఎత్తి బుద్ధిమంతుడిలా కూర్చునేది. ఆడవాళ్లు పసుపూ కుంకుమా చల్లినా ఊరుకునేది. గిన్నెలో పాలు పెడితే తాగేది. ఎంత సాధువో చూడండి అనేవారు. ఆ సాధుత్వం ఎక్కడిదో పెద్దయ్యాక తెలిసింది. కోరలు పీకేస్తారు. కొన్నింటికి నోరు కుట్టేస్తారు. రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండగడితే, ఏది పెట్టినా దాహంకొద్దీ తాగుతుంది. పాలు పాముకి అరగవు. ఆ బుట్టలోది సగం చచ్చిన పాము.

నేను పావుగంటల చొప్పున చేసింది కూడా చిన్న సైజులో అదే పని కదా అనిపించింది. మరీ అంత అనొద్దని తమ్ముడు అన్నాడు. అననీ.

మనకి పాము పగ అనే మాట పుట్టుకతోనే అబ్బింది. పన్నెండేళ్లు గుర్తుపెట్టుకుని వస్తుందని అమ్మమ్మలు చెప్పారు, సినిమాలు చూపించాయి. ఈ పెంపకపు లోకం వచ్చి, ఇంగ్లీషు పుస్తకాలు చదివి, అబ్బే పగ లేదు గిగ లేదు అని కొట్టేసింది. కొట్టేసి, మళ్లీ అదే పగని పక్క గుమ్మంలోంచి లోపలికి తెచ్చింది: గెలిచా అనుకుంటది, పంతం పడుతుంది, నీ మీద పెత్తనం చేస్తుంది. 9 గ్రాముల పిల్లకి పంతమేమిటి! దాని తల్లి గుడ్లు పెట్టి తన దారిన పోయింది. రెండు నెలలకి గుడ్డు చీల్చుకుని బయటికొచ్చిన క్షణం నుంచి దానికి తల్లీ లేదు, తోడూ లేదు. కాకి, గద్ద, పిల్లి, తనకన్నా పెద్ద పాము, అందరికీ అది ఆహారమే. పెద్ద కార్న్ స్నేక్‌లు చాలామటుకు నెమ్మదిగా ఉండి, పిల్లలు మాత్రం ఇలా ఎగిరెగిరి పడటానికి కారణం వేరే ఏమీ లేదు. పెద్దదాన్ని తినగలిగేవి తక్కువ, పిల్లని తినగలిగేవి ఎక్కువ.

రజ్జుసర్ప భ్రాంతి అని వేదాంతులు చెబుతారే, మసకలో తాడుని చూసి పామనుకోవడం. మక్క వైపు నుంచి చూస్తే పైనుంచి దిగే నా అయిదు వేళ్లు గద్ద కాలు. దాని భ్రాంతికి మాత్రం ఆధారం గట్టిది. పైనుంచి వచ్చి పట్టుకున్నది ఏదైనా దాన్ని తినడానికే వచ్చి ఉంటుంది మరి.

అయితే గెలుపు మాటలో పిసరంత నిజం లేకపోలేదు. కాటేయబోగానే కెవ్వుమని చెయ్యి లాక్కుంటే, ఈ ఉపాయం పనిచేసిందని దానికి తెలుస్తుంది. పాములకి నేర్చుకునే బుర్ర ఉంది. 1999లో డేవిడ్ హోల్ట్జ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం పిల్ల కార్న్ స్నేక్‌లనే తీసుకుని, వెలుతురు పడే ఒక గోదాలో కన్నాలు పెట్టి, ఒక్క కన్నం నుంచే దాక్కునే చోటుకి దారి ఉంచారు. రోజులు గడిచేకొద్దీ పిల్లలు ఆ దారి పట్టేశాయి. తప్పించుకునే దారి ఎక్కడుందో గుర్తుపెట్టుకునే జీవి, నా చెయ్యి సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదా? పెట్టుకుంటుంది. కానీ నేర్పేది ఏమిటన్నదే ప్రశ్న. కరిచినా వదలకపోతే అది నేర్చుకునేది "ఈ చెయ్యి మంచిది" అని కాదు, "ఏం చేసినా దీన్నించి తప్పించుకోలేను" అని. దానికి విరుగుడు పట్టుకుని కూర్చోవడం కాదు, కాటేయాల్సినంత దగ్గరికి అసలు పోకపోవడం. పొరపాటున పోతే, చెయ్యి ఉన్నచోటే రాయిలా ఆపేయడం, దాని మెడ సడలాక నింపాదిగా తీసుకోవడం. లాక్కోవద్దు, పట్టుకోవద్దు. ఈ మధ్యదారి చెప్పినవాళ్లు నాకు తక్కువే దొరికారు.

పదమూడో రోజు నుంచి మక్కని ముట్టడం మానేశాను. ముట్టకుండా చూస్తుంటే అప్పుడు కనిపించాయి నా ఘనకార్యాలు.

మొదటిది, వేడి. డబ్బా కింద హీట్ మ్యాట్ ఉంది. అమ్మినవాడు థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం, అక్కర్లేదని చెప్పాడట. అనుమానం వచ్చి, వైరుకి చివర మొన ఉండే డిజిటల్ థర్మామీటరు తెప్పించి డబ్బా అడుగున పెట్టాను. కార్న్ స్నేక్‌కి వెచ్చని వైపు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే చాలు. అంకె ఎక్కుతూ ఎక్కుతూ 41 దగ్గర ఆగింది. అంటే నేను నేల మీద పెనం పెట్టి, దాని మీద కూర్చున్నదాన్ని ఎందుకు చిరాకు పడుతున్నావే అని అడుగుతున్నాను. ఆ రాత్రే మ్యాట్ పీకేశాను. మన హైదరాబాద్ వానాకాలానికి అది లేకపోయినా ఆ వారం గడిచిపోయింది. తర్వాత థర్మోస్టాట్ కొని, డబ్బాకి ఒక్క చివరే వేడి తగిలేలా పెట్టాను. ఇంకో చివర చల్లగా ఉండాలి, ఎటు కావాలంటే అటు జరుగుతుంది. పాము ఒంట్లో వేడి బయటి నుంచి రావాల్సిందే కాబట్టి, ఆ జరిగే చోటు లేకపోతే దానికి ఊపిరాడనట్టే. మన ఊళ్లో అసలు పరీక్ష చలికాలం కాదు, ఏప్రిల్, మే. గది 38కి పోతే ఏ మ్యాటూ అక్కర్లేదు, ఏసీయో కూలరో కావాలి. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు పాము కొనేముందు కరెంటు కోతల సంగతి ఆలోచించుకోవాలి.

రెండోది నా చేతిలో లేనిది. పక్క ప్లాటులో సెల్లార్ తవ్వుతున్నారు. ఈ వైపు సెల్లార్ తవ్వడమంటే బండ కొట్టడమే. పొద్దున తొమ్మిదికి బ్రేకర్ మొదలైతే మా గ్లాసుల్లో నీళ్లు వణుకుతాయి. పాముకి బయటికి కనబడే చెవి లేదు గానీ, లోపలి చెవి దవడ ఎముకతో కలిసి ఉంటుంది. దవడ నేలకి ఆనించి పడుకుంటే నేల అదురంతా తలలోకే. స్టూలు మీద ప్లాస్టిక్ డబ్బా అంటే డప్పు మీద కూర్చున్నట్టు. డబ్బాని లోపలి గదిలో, గోడకి తగలకుండా, మడతపెట్టిన పాత బొంత మీద పెట్టాను. బ్రేకర్ ఆగలేదు. కానీ నీళ్ల గిన్నెలో అలలు ఆగాయి.

మూడోది దాక్కునే చోటు. దోస్తు ఇచ్చిన డబ్బాలో ఒక పెద్ద ప్లాస్టిక్ గుహ ఉంది, ముద్దొస్తుంది, రాళ్లలాగా రంగేసి. అందులో మక్క ఎప్పుడూ దూరలేదు. పాముకి గది అక్కర్లేదు, ఇరుకు కావాలి. నాలుగు వైపులా ఒంటికి తగులుతుంటేనే దానికి ధీమా. అమ్మ పచ్చడికి పగలగొట్టిన కొబ్బరికాయ చిప్పలు రెండు తీసుకుని, అంచున వేలు దూరేంత గాడి కోసి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి బోర్లించాను. రెండే ఎందుకంటే, ఒకటే ఉంటే వేడి కావాలా, భద్రత కావాలా అని అది ఎంచుకోవాల్సి వస్తుంది. డబ్బాకి మూడు వైపులా బయట నుంచి న్యూస్‌పేపర్ అంటించాను. పది నిమిషాల్లో మక్క మొదటి చిప్ప కిందికి వెళ్లిపోయింది, మూడు రోజులు బయటికి రాలేదు. ఏమీ జరగని ఆ మూడు రోజులే మా ఇంట్లో జరిగిన గొప్ప పురోగతి.

నాగుల పంచమి ఈ మధ్యలోనే వచ్చింది. అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, చిన్న గ్లాసులో పాలు పట్టుకుని లోపలి గదిలోకి వచ్చింది.

"పాలు తాగదమ్మా అది."

"దానికి కాదే, మక్క పేరు మీద పెడుత. నువ్వు తాగుదువు తీ." గ్లాసు డబ్బా పక్కన పెట్టి, దండం పెట్టి, అడిగింది: "గంత భయపడుతుంటే దాన్నెందుకు ముట్టుడు? నీకేమన్న మొక్కుందా?"

ఈ ప్రశ్న నాకు వెంటనే జవాబు దొరకని ప్రశ్న. పావుగంట పట్టింది ఆలోచించడానికి, పాలు కూడా తాగేశాను. ఎందుకు ముట్టాలంటే, డబ్బా కడగాలి. నోట్లో పుండు పడిందా, పొలుసుల కింద పేలలాంటి మైట్లు చేరాయా చూడాలి. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఊళ్లో పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్లు నాకు తెలిసి ఇద్దరే. ఇన్నింటికీ అది ఒక మనిషి చేతిని రెండు మూడు నిమిషాలు ఓర్చుకుంటే చాలు. అంతే. మెడలో వేసుకోవడం, టీవీ చూస్తూ ఒళ్లో పెట్టుకోవడం, బంధువులకి చూపించడం, ఇవి నా సరదాలు, దాని అవసరాలు కావు. మచ్చిక అనే మాట కుక్కకీ చిలకకీ సరిపోతుందేమో గానీ పాముకి నేను వాడను. పాము దగ్గర మనకి దొరికేది ప్రేమ కాదు, భయం లేకపోవడం. అది తక్కువేమీ కాదు.

తిండి మొదలయ్యాక ఇంకో మెట్టు. గడ్డకట్టిన ఎలుక పిల్లని వేడినీళ్లలో కరిగించి, పొడుగు చిమటాతో పట్టుకుని చిప్ప గుమ్మం దగ్గర పెడితే లోపలి నుంచి మెరుపులా వచ్చి లాక్కుపోయింది. (ఫ్రిజ్‌లో ఎలుకల గురించి అమ్మకీ నాకూ జరిగిన యుద్ధం వేరే రాయాలి. ఇప్పుడు వాటికి విడిగా ఒక చిన్న ఫ్రీజర్ ఉంది, దాని ఈఎంఐ నేను కడుతున్నాను.) ఇక్కడ ఒకటి కనిపెట్టుకోవాలి. ఆకలి కాటు, భయం కాటు ఒకటి కావు. ఆకలిది పట్టుకుని చుట్టేస్తుంది, వదలదు. భయానిది కొట్టి వెనక్కి పోతుంది. చేతికి ఎలుక వాసన ఉండగా డబ్బాలో పెట్టి, కరిచిందని పామునంటే ఏం లాభం? ఆకలి కాటు పడినా లాక్కోకూడదు, పళ్లు లోపలికి వంగి ఉంటాయి, పాము నోరే చిరుగుతుంది.

తిన్నాక రెండు రోజులు ముట్టకూడదు, కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్లు పాలపొర కమ్మినట్టు నీలంగా అవుతాయి, చూపు సరిగా ఆనదు, ఆ వారం కూడా ముట్టకూడదు. ఇవి పోను మిగిలిన రాత్రుల్లో నా పని ఒకటే. మూత తీసి, చెయ్యిని పక్కనుంచి, నేల మట్టంగా లోపల పెట్టి ఊరుకోవడం. చిప్పకి జానెడు దూరంలో. ముట్టడం లేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి అదీ మెలకువగా ఉంటుంది, నేనూ ఉంటాను, ఇద్దరివీ నైట్ షిఫ్టులే.

ఆరో రాత్రో ఏడో రాత్రో, చెయ్యి తిమ్మిరెక్కి తీసేద్దామనుకుంటుంటే చిప్ప గాడిలోంచి ముక్కు బయటపడింది. నాలుక ఒకసారి. ఆగింది. ఇంకోసారి, ఈసారి పొడుగ్గా, కొసలు రెండూ కిందికీ పైకీ ఊగుతూ. బయట మసీదులో తెల్లవారుజాము అజాన్ మొదలైంది. మక్క ఒక అంగుళం జరిగింది. నాలుక నా చిటికెన వేలి గోరు మీద తగిలింది. తగిలిందని కంటితో చూశాను కాబట్టి తెలిసింది, వెంట్రుక తగిలినంత కూడా లేదు. నేను ఊపిరి బిగబట్టాను. అది వేలి పక్కనుంచి నీళ్ల గిన్నె దగ్గరికి పోయి నీళ్లు తాగింది. నా చెయ్యి దానికి ఒక రాయి. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఎత్తడం ఆ తర్వాత రెండు వారాలకి. పైనుంచి కాదు, మెడ దగ్గర కాదు, నడిమి ఒంటి కింద నుంచి రెండు వేళ్లు జార్చి. మొదటిసారి నిమిషం. కదులుతుంటే ఆపకుండా ఒక చేతి నుంచి ఇంకో చేతికి దారి ఇస్తూ పోవడం. అది విసుగు చూపేలోపే కింద పెట్టేయడం. వారానికి రెండుసార్లు, అంతకన్నా లేదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం ఎప్పుడూ తప్పనిసరి, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. వాడిన బట్టముక్క డబ్బాలో వేస్తే మన వాసన అలవాటవుతుందని కూడా అంటారు. వేశాను. మక్క దాన్ని పట్టించుకోలేదు, నేనూ పెద్దగా నమ్మను.

చదివి ఎవరైనా పెరట్లో దూరిన పిల్ల పాము ముందు చెయ్యి పెట్టి కూర్చుంటారేమోనని ఒక మాట. ఇదంతా డబ్బాలో పుట్టిన, విషం లేని, జాతి తెలిసిన పాము సంగతి. కట్లపాము పిల్లకీ, విషం లేని చారల పాము పిల్లకీ తేడా నాకే రాత్రిపూట తెలియదు. ఇంట్లో పాము కనబడితే దూరంగా ఉండి, మన ఊళ్లోనే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు, వాళ్లకి ఫోన్ చేయండి. జెర్రిపోతు అయినా నీటిపాము అయినా మన పాముల్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. విదేశీ పాముల్లో కూడా బాల్ పైథాన్ లాంటి సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవాటిని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు గానీ, దోస్తు ఇచ్చిన బిల్లు నేను పారేయలేదు.

ఇప్పుడు కార్తీకం. మక్క 24 గ్రాములైంది. మొన్న రాత్రి మళ్లీ ఫోన్ వెతుక్కున్నాను. తీరా చూస్తే లోపలి గదిలో చప్పుడు, పాత రోజుల్లో లాగే టకటకా. వంగి చూస్తే కళ్లు రెండూ నీలంగా, మబ్బు పట్టినట్టు. మెడ వెనక్కి మడిచి, నేను ఎటున్నానో తెలియక గిన్నె వైపు ఒకసారి కొట్టింది. నీళ్లు మార్చడం పొద్దున చూసుకోవచ్చులే అని మూత పెట్టేశాను. పక్క గదిలోంచి అమ్మ గొంతు:

"ఏమంటదే అది?"

"కుబుసమమ్మా."

"మరి ఊకె గెలుకకు. ఒచ్చి పండు."